ముందు పట్టించిన కరక్కాయ

పోచంపల్లిలో బొమ్మ పుట్టేది మగ్గం మీద కాదు, నూలు పోగు మీద. ఆసు పోసి, చిటికీలు కట్టి, కట్టని చోటే రంగు పట్టిస్తారు. చెట్టుచేమల రంగులు వాడే అద్దకంలో అంతకుముందే నూలును కరక్కాయ పొడి నీళ్లలో నానబెడతారు. కరక్కాయలోని వగరు పోగును పట్టుకుంటుంది. తర్వాత వచ్చే పటికా రంగూ ఆ వగరును పట్టుకుని నిలుస్తాయి. ఇనుమూ బెల్లమూ ఊరిన నీళ్లు తగిలితే అదే పోగు నల్లబడుతుంది.

ఆ వగరులోని గాలిక్, ఎల్లాజిక్, చెబులాజిక్ ఆమ్లాల మీదే కాలేయ పరిశోధకుల కన్ను కూడా పడింది.

ప్రయోగశాలలో ఎలుక కాలేయాన్ని దెబ్బతీయడానికి తరచూ వాడేది కార్బన్ టెట్రాక్లోరైడ్. ఒకప్పుడు బట్టల మీద నూనె మరకలు వదిలించిన ద్రావకమే అది. అసలు విషం కాలేయంలోనే తయారవుతుంది: దాన్ని వదిలించుకోబోయి సీవైపీ2ఈ1 అనే ఎంజైము ట్రైక్లోరోమిథైల్ అనే ఫ్రీ రాడికల్‌గా మార్చేస్తుంది. అది కణం పొరలోని కొవ్వు మీద పడుతుంది, చెడిన కొవ్వు పక్కదాన్ని చెడగొడుతుంది. పొర చిరిగి లోపలి ఎంజైములు రక్తంలోకి కారతాయి. రక్తపరీక్ష కాగితంలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అంకెలు ఎగబాకేది అందుకే. కరక్కాయ సారం తిన్న జంతువుల్లో ఆ అంకెలు అంతగా పెరగలేదు. 2006లో జమ్ము శాస్త్రవేత్తలు క్షయ మందుల వల్ల కాలేయానికి కలిగే హాని మీదా దీన్ని పరీక్షించి మేలు కనిపించిందన్నారు.

మెలిక ఇక్కడే ఉంది. చాలా ప్రయోగాల్లో సారాన్ని విషానికి ముందో, విషంతోపాటో ఇస్తారు, రంగుకు ముందు నూలుకు కరక్కాయ పట్టించినట్టే. మనమేమో కళ్లు పచ్చబడ్డాక పసరు కోసం వెతుకుతాం. పైగా కొన్ని సారాలు ఆ సీవైపీ2ఈ1 ఎంజైమునే అణచేస్తాయి. అప్పుడు విషమే పుట్టదు. దాన్ని ఫ్రీ రాడికల్‌ను అణచే యాంటీఆక్సిడెంట్ ఘనతగా రాసుకోవడం నాకు సబబనిపించదు.

కామెర్లకు పసరుగా వాడే నేల ఉసిరి కథలోనూ మెలిక ఉంది. 1988లో ‘లాన్సెట్’లో వచ్చిన చెన్నై అధ్యయనంలో అది తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో హెపటైటిస్-బి యాంటిజెన్ కనిపించకుండా పోయింది. తర్వాతి పరీక్షల్లో అంతటి ఫలితం రాలేదు. నీళ్ల ద్వారా సోకే ఏ, ఈ రకాల కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. 2021లో ముంబయి వైద్యులైతే తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి రాశారు.

యాంటీఆక్సిడెంట్ నిజంగా మందైన సందర్భం ఒకటుంది. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయంలో గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం అడుగంటుతుంది. ఎన్-అసిటైల్ సిస్టీన్ దాన్ని తిరిగి నింపుతుంది. అదీ మొదటి 8 గంటల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది.

నేటి పోచంపల్లిలో ఎక్కువగా నడిచేది రసాయన రంగులే. వేడి తొట్టిలోని కాస్టిక్ సోడా, హైడ్రో అనే రసాయనం ముందుగా కాల్చేది చర్మాన్నీ ఊపిరితిత్తుల్నీ. కరక్కాయ కషాయం వాటికి అడ్డు రాదు, రబ్బరు తొడుగులూ గాలాడే గదీ కావాలి. కామెర్లతోపాటు మగత, మాట తడబాటు కనిపిస్తే మాత్రం పసరు, పథ్యం పక్కనపెట్టి అప్పటికప్పుడే ఆస్పత్రికి పోవాలి.