అబ్స్ సోదరీమణులు వెలిగించిన దీపం

నీరు, పచ్చిక, నిప్పు - ఈ మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములేనని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. ఆ రోజుల్లో నిప్పు అంటే పొయ్యి, దీపం, చలిమంట. ఈనాడు ఆ పనులన్నీ కరెంటు చేస్తోంది. మరి యుద్ధంలో కరెంటు పోయిన చోట, డీజిల్ కొనే స్తోమత లేని చోట పేదవాడి భాగం ఏమైపోవాలి? యెమన్ దేశంలోని అబ్స్ స్త్రీలు ఈ ప్రశ్నకు తమ చేతలతో జవాబు చెప్పారు.

యెమన్ మనకు పరాయిది కాదు. అక్కడి హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల సంతతి నేటికీ హైదరాబాద్ బార్కస్‌లో నివసిస్తోంది. 2015లో ఆ దేశంలో యుద్ధం ఉద్ధృతమై విద్యుత్ వ్యవస్థ కుప్పకూలింది. జనరేటర్లకు డీజిల్ కరువైంది. దొరికినా ధర మండిపోయేది. నీళ్ల మోటార్లు ఆగాయి. పిల్లల చదువు పొద్దుగూకడంతోనే ఆగిపోయేది.

అబ్స్ ఆ దేశానికి వాయవ్యాన హజ్జా ప్రాంతంలో, యుద్ధరంగానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ తోడ్పాటుతో 2019లో అక్కడ పదిమంది స్త్రీలు చిన్న సౌర విద్యుత్ కేంద్రం నెలకొల్పారు. వారి నాయకురాలు ఇమాన్ గాలిబ్ అల్ హమ్లీ. పలకలపై పడిన ఎండ కరెంటుగా మారి, తీగల ద్వారా ఇళ్లకు, దుకాణాలకు చేరుతుంది. కేంద్రం నడపడం, లెక్కలు చూడటం వారే నేర్చుకున్నారు.

మగవాళ్ల పని ఆడవాళ్లకెందుకని మొదట్లో ఊరివారు ఎగతాళి చేశారు. కాని డీజిల్ కరెంటుకు గంటకు 42 అమెరికన్ సెంట్లు పడే చోట, వీరి కరెంటు 2 సెంట్లకే అందింది. ఎగతాళి గౌరవంగా మారింది. 2020లో ఈ పథకానికి బ్రిటన్‌కు చెందిన ఆష్డెన్ అవార్డు లభించింది. అదే ఏడాది బీబీసీ ప్రకటించిన వందమంది మహిళల జాబితాలో ఇమాన్‌కు చోటు దక్కింది.

ఆ దీపం యుద్ధాన్ని ఆపలేదు. కాని సహాయంగా వచ్చిన బియ్యం బస్తా నెలలో ఖాళీ అవుతుంది, నేర్చిన పని జీవితాంతం అన్నం పెడుతుంది. ఆ సోదరీమణులు చేయి చాచే స్థితి నుంచి చేయూతనిచ్చే స్థితికి ఎదిగారు.

మన దగ్గర యుద్ధం లేదు, అల్‌హమ్దులిల్లాహ్. అయితే బతుకుతెరువు కూలిపోతే ఎలా ఉంటుందో బోధన్‌కు తెలుసు. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడి కార్మికులు వీధినపడ్డారు, చెరకు రైతులు పంట మార్చుకోవలసి వచ్చింది. నిజామాబాద్ గల్లీల్లో ఎందరో అక్కాచెల్లెళ్లు బీడీలు చుట్టి సంసారం నెట్టుకొస్తున్నారు. ఎందరో మగవాళ్లు గల్ఫ్ బాట పట్టారు.

మనకు ఎండకు మాత్రం కొదవ లేదు. 2024లో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకం కింద ఇంటి కప్పుపై 2 కిలోవాట్ల పలకలకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. వీటిని బిగించడానికి, బాగుచేయడానికి పనివాళ్లు కావాలి. ఆ పని మన పిల్లలు ఎందుకు నేర్చుకోకూడదు? పదో తరగతి ముగించిన అబ్బాయిలనే కాదు, అమ్మాయిలను కూడా ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సుకు పంపుదాం. సబ్సిడీ పోగా మిగిలే ఖర్చు కోసం పేద కుటుంబం వడ్డీ ఊబిలో దిగకుండా, జమాఅత్ పెద్దలు బైతుల్‌మాల్ నుంచి ఖర్జె హసనా ఇవ్వవచ్చు. మస్జిద్ కప్పుపై అమర్చిన పలకలు వుజూ నీళ్ల మోటారును నడపగలవు, గల్లీలో ఒక దీపాన్నీ వెలిగించగలవు. ఆ వెలుగులో నడిచేవారు ఏ మతం వారైనా, దాత ఖాతాలో అది సదఖయె జారియా.

దివ్యఖుర్ఆన్‌లో 91వ సూరా పేరు 'అష్షమ్స్', అంటే సూర్యుడు. ధనికుడి మేడపైనా, బీడీ కార్మికురాలి రేకుల ఇంటిపైనా ఆ వెలుగు ఒకేలా పడుతోంది. దాన్ని అందుకునే నేర్పు మనం సంపాదించుకోవాలి. అల్లాహ్ యెమన్ ప్రజలకు శాంతిని, మనకు ఆ పట్టుదలను ప్రసాదించుగాక! ఆమీన్.