ఎన్నాళ్ల నుంచి ఇలా?

మిరప ఆకు ముడుచుకుంటే మన రైతు ఊరుకోడు. ఆకు తిరగేసి చూస్తాడు, పూత దులిపి చూస్తాడు. తండ్రి పోయిన పిల్లవాడు ముడుచుకుపోతే మాత్రం ‘బుద్ధిమంతుడయ్యాడు’ అనుకుంటాం మనం.

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పత్తి, మిరప అప్పులు ఎన్నో ఇళ్ల పెద్దదిక్కును మింగేశాయి. ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాల కోసం 2004లో ప్రభుత్వం జీవో 421 తెచ్చింది. భూమి ఎంత, అప్పు ఎంత అని అధికారులు విచారించేవారు. అది అవసరమే. కానీ పురుగుమందు వాసనకే వణికిపోతున్న పిల్లవాణ్ణి ‘నీకెలా ఉంది నాన్నా?’ అని అడిగిందెవరు?

సంఘంగా మనమూ అడగలేదు. ప్రార్థన చేశాం, బియ్యం ఇచ్చాం. ‘ఇక ఇంటికి పెద్దవాడివి నువ్వే, ఏడవకూడదు’ అని తొమ్మిదేళ్ల వాడికి చెప్పాం. ఆత్మహత్య చేసుకున్నవారికి నరకమేనని ఆ బిడ్డ వింటుండగానే మాట్లాడుకున్నాం.

మూగదయ్యం పట్టిన కుమారుణ్ణి ఒక తండ్రి తీసుకొచ్చినప్పుడు యేసుప్రభువు వెంటనే స్వస్థపరచలేదు. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉన్నాడని ముందుగా తండ్రిని అడిగాడు (మార్కు 9:21). అన్నీ ఎరిగినవాడే అడిగితే, ఏమీ ఎరుగని మనం అడక్కుండానే ఉపదేశానికి దిగుతాం!

మానసిక వైద్యులు మొదట చేసేదీ అడగడమే. ఘోరం చూసిన, ఎనిమిదేళ్లు దాటిన పిల్లల కోసం 8 ప్రశ్నల పరీక్ష ఒకటుంది. వద్దనుకున్నా ఆ దృశ్యం గుర్తుకొస్తోందా, దాన్ని తలపించే వాటికి దూరంగా తిరుగుతున్నాడా అని అందులో అడుగుతారు. 40కి 17 లేదా అంతకు మించి మార్కులు వచ్చినంత మాత్రాన జబ్బు ఉందని కాదు, నిపుణులు పూర్తిగా పరీక్షించాలని అర్థం.

ఆ పరీక్ష మన పని కాదు. జరిగింది మళ్లీ మళ్లీ చెప్పించడం అసలే కాదు. మన పని గమనించడం. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, మళ్లీ పక్క తడపడం, ఆటల మీద ధ్యాస పోవడం కనిపిస్తే తల్లితో మాట్లాడాలి. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తోడుగా వెళ్లాలి. టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ‘చచ్చిపోవాలనుంది’ అని బిడ్డ అంటే ఆ రోజే కదలాలి.

వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లడం అవిశ్వాసం కాదు. ఆ తండ్రి కూడా బిడ్డను తీసుకొచ్చాడు కనుకనే మేలు పొందాడు.

ఈ ఆదివారం ఆరాధన ముగిశాక, చివరి వరుసలో మౌనంగా కూర్చున్న ఆ బిడ్డ పక్కన మనమూ కూర్చుందాం. ఎలా ఉన్నావని అడుగుదాం. జవాబు వచ్చేదాకా ఆగుదాం.