కేస్‌షీటు మీద రంగు పెన్సిళ్లు

"తెనాలి, బాపట్ల, రేపల్లె. కన్ను, చెవి, గొంతు. గురువారానికి కావాలి" అన్నారు సంపాదకులు. మూడూళ్లూ తిరిగాను. నన్ను వదలకుండా పట్టుకున్నది మాత్రం ఒక్క కాగితం. రేపల్లె వైపు కోత కూలీ ఒకామె చేతిసంచిలో నాలుగు మడతలు పడి ఉన్న కేస్‌షీటు అది.

అందులో ఒక గుండ్రం. నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొరకు గుర్తు. నడిమికి కాస్త పక్కగా పసుపు పెన్సిల్‌తో రుద్దిన మచ్చ, చుట్టూ నీలం, దాని మీద ఆకుపచ్చ, గుండ్రం అడుగున మళ్లీ సన్నగా పసుపు. కంటి డాక్టర్లకు ఇదొక లిపి. పసుపంటే చీము. నీలమంటే వాపు. ఆకుపచ్చంటే పైపొర లేచిపోయిన చోటు. రంగు కాగితం తాకించి నీలి వెలుగులో చూస్తే అక్కడ మెరుస్తుంది. అడుగున ఉన్న పసుపు, కంటి లోపల కూడా చీము పేరుకుందని.

కోతలో వరి ఆకు కంటికి గీసుకుంది. "నలకేలే అనుకున్నానండీ" అంది. పక్కింటావిడ నాలుకతో తీసింది. తగ్గక మందుల షాపుకు వెళితే ఎర్రకంటికని చుక్కలిచ్చారు. మూడు రోజులు హాయిగా ఉందట.

నాకు కడుపు మండేది ఇక్కడే. అలాంటి చుక్కలు చాలావాటిలో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. ఎరుపూ నొప్పీ తగ్గుతాయి. ఆకు గీతతో పాటు లోపలికి దిగిన బూజుకు మాత్రం అడ్డు తొలగిపోతుంది. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది.

పుండు అంచు గీకి, గాజుపలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి మైక్రోస్కోపులో చూస్తే బూజు దారాలు నిమిషాల్లో కనబడతాయి. ఖరీదైన పరీక్షేమీ కాదు. ఆపైన నాటమైసిన్ 5 శాతం చుక్కలు, మొదట్లో గంటగంటకూ, తర్వాత వారాల తరబడి. మదురై అరవింద్ ఆసుపత్రి పాలుపంచుకున్న పరిశోధనలో కొత్తదైన వొరికొనజోల్ కంటే ఈ పాత మందే మెరుగని 2013లో తేలింది.

చరిత్ర ఒక్క గుక్కలో: కంటిని సన్నని వెలుగుచీలికతో చూసే స్లిట్ ల్యాంపును గుల్‌స్ట్రాండ్ 1911లో చూపించాడు, గుంటూరు వైద్య కళాశాలలో చదివిన గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పెట్టారు, అది తర్వాత విజయవాడ పక్కన తాడిగడపకూ వచ్చింది, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది.

చెవి, గొంతు

చెవిలో చీము కారుతుంటే వేడి నూనె పోయొద్దు. కర్ణభేరికి చిల్లి ఉంటే నూనె లోపలికి దిగుతుంది. చెవి తడవనీయకుండా డాక్టరుకు చూపించాలి. దగ్గు లేకుండా జ్వరం, గొంతునొప్పి, మెడలో బిళ్లలు కడితే అది స్ట్రెప్టోకాకస్ కావచ్చు. పిల్లల్లో దాన్ని వదిలేస్తే కీళ్లవాతపు జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. రాసిచ్చిన మందు కోర్సంతా వాడాలి. గొంతు బొంగురు మూడు వారాలు దాటితే స్వరపేటిక చూపించుకోవాలి.

ఆఖరి పుట

కేస్‌షీటు చివరి బొమ్మలో పసుపు లేదు. నల్ల పెన్సిల్‌తో చిన్న మచ్చ, అంతే. మానిన మచ్చకు అదీ గుర్తు. ఊళ్లో పువ్వంటారు. మినుము తీతకు వెళ్తున్నారా అని అడిగాను. మాట్లాడకుండా సంచిలోంచి ప్లాస్టిక్ కళ్లద్దాలు తీసి చూపించింది. వాటి మీద అప్పటికే మినప దుమ్ము.