పుస్తకం తెరిచి రాసే వాణిజ్య పరీక్ష

పరీక్ష హాల్లో పుస్తకం దొరికితే విద్యార్థిని బయటికి పంపి, మాల్‌ప్రాక్టీస్ కేసు నమోదు చేసే సంప్రదాయం బలంగా పాతుకొన్న మన విద్యావిధానంలో, అదే పుస్తకాన్ని బల్లమీద పెట్టుకొని సమాధానం రాయమనే పరీక్ష చాలామందికి వింతగా తోస్తుంది. ఓపెన్ బుక్ పరీక్ష అంటే ఇదే: పాఠ్యపుస్తకం, చట్టప్రతి, సొంత నోట్సు వంటివాటిలో నిర్వాహకులు అనుమతించిన వాటిని అభ్యర్థి తెరిచి చూసుకోవచ్చు, కానీ అడిగిన ప్రశ్నకు సమాధానం ఆ పుటల్లో ఎక్కడా నేరుగా కనిపించదు. అనుమతి స్థాయిని బట్టి ఇందులో రకాలున్నాయి. కొన్నింటిలో నిర్ణీత పట్టికో చట్టప్రతో మాత్రమే చేతికిస్తారు, కొన్నింటిలో అభ్యర్థి తనకు నచ్చిన పుస్తకాలన్నీ తెచ్చుకోవచ్చు, మరికొన్నింటిలో ప్రశ్నపత్రాన్ని ఇంటికే ఇచ్చి గడువు పెడతారు.

తెలుగు నేలకు ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే డిపార్ట్‌మెంటల్ టెస్టుల్లో కొన్ని పేపర్లకు ‘విత్ బుక్స్’ అని, కొన్నింటికి ‘వితౌట్ బుక్స్’ అని పేర్కొనడం చాలాకాలంగా ఉంది. ఖజానా నియమాలనో సర్వీసు నిబంధనలనో కంఠస్థం చేసిన ఉద్యోగి కన్నా, అవసరమైన నిబంధన ఎక్కడుందో వెతికి పట్టుకొని ఫైలుమీద సరిగా వర్తింపజేయగల ఉద్యోగి కార్యాలయానికి అవసరమన్న గ్రహింపు ఆ ఏర్పాటు వెనుక ఉంది. న్యాయవాదులకు బార్ కౌన్సిల్ 2011 నుంచి నిర్వహిస్తున్న అఖిల భారత పరీక్ష కూడా పుస్తకాలను అనుమతిస్తూనే మొదలైంది. 2021 నుంచి మాత్రం వ్యాఖ్యానాలు, గైడ్లు తొలగించి, వ్యాఖ్యలేమీ లేని చట్టప్రతులకే అనుమతి పరిమితం చేశారు.

వాణిజ్య విద్యార్థికి అన్నింటికన్నా దగ్గరి ఉదాహరణ చార్టర్డ్ అకౌంటెన్సీ ఫైనల్ పరీక్షది. ఆ విద్యను నిర్వహించే సంస్థ 2018 మే నుంచి తన కొత్త పాఠ్యప్రణాళికలో ఆరో పేపర్‌ను ఐచ్ఛిక విషయంగా మార్చి, రిస్క్ మేనేజ్‌మెంట్, అంతర్జాతీయ పన్నులు, ఆర్థిక చట్టాలు వంటి అంశాల్లో ఒకదాన్ని ఎంచుకొని నాలుగు గంటలపాటు పుస్తకాలు తెరిచి రాసే వీలు కల్పించింది. 2024 మే నుంచి ఆ స్థానంలో ‘ఇంటిగ్రేటెడ్ బిజినెస్ సొల్యూషన్స్’ అనే పేపర్ వచ్చింది. ఇదీ ఓపెన్ బుక్కే. అకౌంటింగ్, ఆడిటింగ్, పన్నులు, కంపెనీ చట్టం, వ్యూహ నిర్వహణ అన్నీ ఒకే కేసులో కలిసిపోయి ఉంటాయి గనుక, ఏ ప్రశ్నకు ఏ సబ్జెక్టు పుస్తకం తెరవాలో తేల్చుకోవడమే అక్కడ మొదటి పరీక్ష. ప్రతి పేపర్‌లో కనీసం 40 శాతం, మొత్తం మీద 50 శాతం మార్కులు రావాలన్న నియమంలో ఈ పేపర్‌కు ప్రత్యేకమైన సడలింపు ఏదీ లేదు.

విశ్వవిద్యాలయ పరీక్షలకు వస్తే, నల్లగొండలో 2007లో ఏర్పడిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల్లో బీకాం, ఎంబీఏ చదివేవారికి సెమిస్టర్ చివరి రాతపరీక్ష ప్రధానంగా పుస్తకం మూసి రాసేదే. అయినా ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ లెక్కల కోసం వర్తమాన విలువ పట్టికలను, గణాంకశాస్త్రం కోసం లాగరిథమ్ పట్టికలను పరీక్షలో వాడుకోనిచ్చే అలవాటు మన కళాశాలల్లో ఉంది. ఆ పట్టికలోని అంకెలను బట్టీపట్టమని ఎవరూ అడగరు గదా, మరి నిర్వచనాలనూ సూత్రాలనూ బట్టీపట్టమని ఎందుకు అడగాలన్నదే ఈ చర్చకు మూలం.

ప్రశ్న ఎలా మారాలో మిర్యాలగూడ రైస్ మిల్లును ఊహించుకొంటే సులభంగా బోధపడుతుంది. మచ్చ గింజలను ఏరివేసే సార్టెక్స్ యంత్రానికి 20 లక్షల రూపాయలవుతుందని, దానివల్ల ఏటా 6 లక్షల చొప్పున ఐదేళ్లు అదనపు రాబడి వస్తుందని, పెట్టుబడిపై 10 శాతం ప్రతిఫలం ఆశిస్తున్నారని అనుకొందాం. భవిష్యత్తులో చేతికొచ్చే సొమ్మును నేటి విలువలోకి మార్చి, అందులోంచి పెట్టుబడిని తీసివేయగా మిగిలేదాన్ని నికర వర్తమాన విలువ అంటారు. పట్టికలో ఐదేళ్లకు, 10 శాతానికి ఉన్న గుణకం 3.791, దాన్ని 6 లక్షలతో హెచ్చిస్తే 22.746 లక్షలు వస్తుంది గనుక, నికర విలువ సుమారు 2.75 లక్షలు, యంత్రం కొనవచ్చు. మూసిన పుస్తకం పరీక్ష ఇక్కడితో ఆగి పూర్తి మార్కులు వేస్తుంది.

తెరిచిన పుస్తకం పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు రాని ఏడాది మిల్లుకు వచ్చే ధాన్యం తగ్గుతుంది. వచ్చిన ధాన్యంలోనూ ఎక్కువ భాగం పౌరసరఫరాల శాఖ ఇచ్చిన కస్టమ్ మిల్లింగ్ ధాన్యమైతే, అంటే ప్రభుత్వ ధాన్యాన్ని మరపట్టి, పచ్చి బియ్యమైతే క్వింటాకు 67 కిలోల లెక్కన తిరిగి అప్పగించే పనైతే, బియ్యం ఎంత మెరిసినా మిల్లు యజమానికి ధర పెరగదు, ఆ బియ్యానికి ధర కాక మరపట్టిన కూలే దక్కుతుంది. కాబట్టి ఆ 6 లక్షల అంచనా ఎంతవరకు నిలుస్తుందన్నదే అసలు ప్రశ్న. 20 లక్షలను 3.791తో భాగిస్తే ఏటా కనీసం 5.28 లక్షలు రావాలని తేలుతుంది. అంటే అంచనాలో దాదాపు 12 శాతం కోత పడితే చాలు, లాభం మాయమవుతుంది. రాబడి 5 లక్షలకు పడిపోతే లక్షకు పైగా నష్టమే. ఈ తీర్పు ఏ పాఠ్యపుస్తకంలోనూ అచ్చై ఉండదు, దాన్ని విద్యార్థే చేయాలి.

వ్యాపార చట్టంలోనూ ఇదే సంగతి. నడిగడ్డలో, ముఖ్యంగా గద్వాల చుట్టుపక్కల, కంపెనీల కోసం రైతులు విత్తన పత్తి పండిస్తారు. కంపెనీకీ రైతుకూ నడుమ ఆర్గనైజర్ ఉండి మూల విత్తనం, పెట్టుబడి అడ్వాన్సు అందిస్తాడు. పంట చేతికొచ్చాక విత్తనం జన్యు స్వచ్ఛత పరీక్షలో ఫెయిలైందని కంపెనీ తిరస్కరిస్తే, రైతు ఎవరిని అడగాలి? భారత ఒప్పందాల చట్టం, 1872లోని 182వ సెక్షన్ ఏజెంటు ఎవరో చెబుతుంది. ఏజెంటు ద్వారా కుదిరిన ఒప్పందానికి యజమాని స్వయంగా కుదుర్చుకొన్నట్టే బాధ్యత వహించాలని 226వ సెక్షన్ అంటుంది. కానీ ఆర్గనైజర్ కంపెనీకి ఏజెంటా, లేక సొంత లాభనష్టాలతో నడిచే స్వతంత్ర వ్యాపారా అన్నది అడ్వాన్సు ఎవరి సొమ్ము, కాగితం మీద సంతకాలు ఎవరివి, ధర ఎవరు నిర్ణయించారు అనే వాస్తవాల్లోంచే తేలాలి. చట్టప్రతిని బల్లమీద పెట్టినా, ఈ వాస్తవాలను చదివి తూచడం రాని విద్యార్థికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. తన ఊరి ఒప్పందాన్నే ఇలా విప్పి చూడగలిగిన బీకాం విద్యార్థి, రేపు అదే ఊళ్లో ఒక రైతుకు కాగితం చదివిపెట్టగలడు.

అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1956లో తన సహచరులతో కలిసి అభ్యసన లక్ష్యాలను జ్ఞాపకం నుంచి మూల్యాంకనం వరకు మెట్లుగా విభజించాడు. మొదటి మెట్టును పుస్తకానికి అప్పగించి, విద్యార్థి శక్తిని పైమెట్ల మీద పరీక్షించడమే ఈ పద్ధతి ఉద్దేశం.

పుస్తకం ఉంది గదా అని చదవకుండా వచ్చినవారే ఇందులో ఎక్కువగా దెబ్బతింటారు, ఎందుకంటే వెతకడానికి పట్టే ప్రతి నిమిషమూ రాయడానికి ఉన్న సమయంలోంచే పోతుంది. పుస్తకాన్ని ముందే ఒకటి రెండుసార్లు పూర్తిగా చదివి, అంశాలవారీగా పుటల సంఖ్యలతో సొంత సూచిక తయారుచేసుకొని, ముఖ్యమైన చోట్ల రంగు చీటీలు అంటించి, సూత్రాలన్నీ ఒకే కాగితం మీదికి తెచ్చుకొన్న విద్యార్థి మాత్రమే లాభపడతాడు. హాల్లో ముందు కేసును నింపాదిగా చదివి, సమాధానం చట్రాన్ని మనసులో కట్టుకొని, సందేహమున్న చోటే పుస్తకం తెరవాలి. పుటలకు పుటలు ఎక్కించి రాస్తే మార్కులు రావు.

నల్లగొండ, పాలమూరు కళాశాలల్లో ఈ పద్ధతికి ఎదురయ్యే అడ్డంకులు తేలికైనవి కావు. మంచి పాఠ్యపుస్తకాల ధర భరించలేక గైడుతో సరిపెట్టుకొనేవారు చాలామంది ఉన్నారు. తెలుగు మాధ్యమంలో బీకాం చదివేవారికి తెలుగులో చట్టప్రతులు, కేసులు దొరకడం ఇంకా కష్టం. ఎవరి పుస్తకాలు వారే తెచ్చుకోవచ్చన్న నియమం పెడితే, అర డజను పుస్తకాలున్న పట్టణ విద్యార్థితో ఒక్క గైడు పట్టుకొచ్చిన అచ్చంపేట వైపు పల్లె విద్యార్థి పోటీపడాల్సి వస్తుంది, అది న్యాయం కాదు. అందువల్ల విశ్వవిద్యాలయమే ఒక సంపుటిని తెలుగులోనూ ఆంగ్లంలోనూ తయారుచేసి అందరికీ ఒకేలా ఇవ్వాలి. 2014 నుంచి 2017 వరకు తొమ్మిది, పదకొండు తరగతుల్లో ఓపెన్ టెక్స్ట్ పద్ధతిని నడిపిన సీబీఎస్ఈ చదవాల్సిన పాఠ్యాంశాన్ని ముందుగానే పాఠశాలలకు అందించింది. ఆ తర్వాత దాన్ని మానుకొన్నా, 2026–27 నుంచి తొమ్మిదో తరగతిలో పుస్తకం తెరిచి రాసే మూల్యాంకనానికి 2025లో మళ్లీ ఆమోదం తెలిపింది.

మూల్యాంకనం మరో చిక్కు. అనుబంధ కళాశాలల జవాబుపత్రాలన్నీ ఒకచోట చేరి, ఒక్కో అధ్యాపకుడు రోజుకు పదుల కొద్దీ దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌లో, ఒకే ప్రశ్నకు రెండు సరైన జవాబులు ఉండగలవన్న సంగతిని న్యాయంగా పాటించాలంటే, వాస్తవాలను గుర్తించినందుకు ఎన్ని మార్కులు, సరైన నియమాన్ని ఎంచుకొన్నందుకు ఎన్ని, దాన్ని వర్తింపజేసినందుకు ఎన్ని అని విడివిడిగా రాసిన మార్గసూచి అధ్యాపకుడి చేతిలో ఉండి తీరాలి. ఇంత ఏర్పాటు ఒకేసారి సాధ్యం కాదు. కళాశాలలు తామే నిర్వహించుకొనే ఇంటర్నల్ పరీక్షల్లో ఒకదాన్ని ఈ పద్ధతికి కేటాయించి, మిల్లు లెక్కల్లోంచో చేనేత సంఘం ఆర్డర్ల పుస్తకంలోంచో అధ్యాపకులే ప్రశ్నలు తయారుచేసి, పక్క కళాశాలవారితో మార్చుకొంటూ పోతే, సెమిస్టర్ చివరి పరీక్షకు పనికొచ్చే ప్రశ్నలూ వాటిని దిద్దడం వచ్చిన అధ్యాపకులూ కలిసే తయారవుతారు.