మోటారు మాటల వెనుకనున్న చరిత్ర

మన పేరేసంద్రను ఒరసికొని పోవు బెంగుళూరు–హైదరాబాదు రాజమార్గముపై రాత్రింబవళ్ళు కార్లు, లారీలు, బస్సులు సాగుచునే యుండును. వానిని గూర్చి మాటలాడునపుడు క్లచ్చు, బ్రేకు, గేరు, టైరు అనుచుందుము. తెలుగింట పుట్టినవారును, కన్నడింట పుట్టినవారును పలుకు మాటలివియే. ఇవి మన కెట్లు వచ్చినవి? వస్తువుతోపాటు వచ్చినవి. నాగలికి, మేడికి, కాడికి, కర్రుకు మన పేర్లే యున్నవి. వానిని మన వడ్రంగులును, కమ్మరులును చేసిరి గనుక. చేసినవాడు పేరు పెట్టును. కొన్నవాడు ఆ పేరు పలుకును. ఈ విషయమును కంటికి కట్టినట్లు చూపు స్థలమొకటి కోయంబత్తూరున కలదు.

ఆ నగరమున అవినాశి రోడ్డుననున్న జీడీ కార్ మ్యూజియం 2015లో ప్రారంభమైనది. ప్రసిద్ధ పారిశ్రామికుడు జి.డి. నాయుడుగారి పేరు దానికి నిలిచినది. పరదేశముల పాత కార్లును, మన దేశపు కార్లును అచ్చట బారులు తీరి యున్నవి. మెరుగు పెట్టిన లోహమును చూచి ముచ్చటపడి మరలివచ్చినచో సగమే చూచినట్లు. ఈ బండిని ఎవరు చేసిరి, ఎచ్చట చేసిరి అని అడిగినగాని తక్కిన సగము కనబడదు.

1886లో జర్మనీయందు కార్ల్ బెంజ్ పెట్రోలుతో నడచు మూడు చక్రముల బండికి పేటెంటు పొందెను. మోటారు కారు చరిత్రను అచ్చటినుండి లెక్కింతురు. పిమ్మట కొంతకాలము ఈ పనిలో ముందంజ వేసినవారు ఫ్రెంచివారు. ఆటోమొబైల్, గ్యారేజి, షోఫర్, ఛాసిస్ అను మాటలు ఫ్రెంచి భాషనుండియే ఇంగ్లీషునకు వచ్చినవి. నాడు లోకమున పెద్ద భాగము నేలుచుండిన ఇంగ్లీషువారును, చేసినవారి కడ పేర్లు అరువు తెచ్చుకొనిరన్నమాట! 1913లో అమెరికాయందు హెన్రీ ఫోర్డు తన కార్ఖానాలో కదలెడు వరుసను ప్రవేశపెట్టెను. పనివాడు బండి కడకు పోవుటకు మారుగా బండియే పనివాని కడకు వచ్చును. పండ్రెండు గంటలకు పైగా పట్టుచుండిన కూర్పు గంటన్నరలో ముగియసాగినది. ధర తగ్గి, కారు సామాన్యునికి అందుబాటైనది.

మన దేశమునకు కార్లు పందొమ్మిదవ శతాబ్ది చివర వచ్చినవి. చాలకాలము మనము కొన్నవారమే. 1928లో జనరల్ మోటార్స్ సంస్థ బొంబాయిలో కార్ఖానా తెరచినది. కాని అది ఓడలపై వచ్చిన భాగములను బిగించు పని. బిగించుట వేరు, చేయుట వేరు. ఇంజను దిమ్మెను పోతపోయవలెనన్న మేలైన ఇనుము కావలెను. అందు పిస్టను వెండ్రుకవాసి తేడా లేక అమరవలెనన్న సూక్ష్మయంత్రములును, నేర్పరులైన పనివారును కావలెను. అద్దమునకు, రబ్బరునకు, రంగునకు వేర్వేరు పరిశ్రమలు లేవవలెను. ఒక కారును చేయగల దేశము నూరు వస్తువులను చేయగలదు.

ఈ భేదమును ముందుగా గ్రహించిన వారిలో ఒకరు మన పొరుగువారే. ఆయన ముద్దేనహళ్ళిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. ఆయన ఇంటిపేరే ఆంధ్రదేశమందలి ఒక గ్రామము పేరు. 1935లో ఆయన యూరపు, అమెరికాలకు పోయి మోటారు కర్మాగారములను పరిశీలించి, బొంబాయిలో అట్టిదానిని నెలకొల్పుటకు ప్రణాళిక సిద్ధపరచిరి. బొంబాయి రాష్ట్ర ప్రభుత్వము ఆదరించినను, దేశము నేలుచుండిన బ్రిటిషు ప్రభుత్వము తోడ్పడలేదు. ఆ కారు పుట్టలేదు. ఏ ప్రదర్శనశాలలోను అది కనబడదు. అయినను ఆలోచన నశింపలేదు. 1942లో బిర్లాల హిందుస్థాన్ మోటార్స్, 1944లో వాల్‌చంద్ హీరాచంద్‌గారి ప్రీమియర్ ఆటోమొబైల్స్ వెలసినవి.

స్వాతంత్ర్యానంతరము, 1953లో, కేవలము బిగించు పనికి ఇక తావు లేదనియు, ఇచ్చటనే చేయవలెననియు ప్రభుత్వము నిర్ణయించినది. జనరల్ మోటార్స్, ఫోర్డు సంస్థలు నాడు వెడలిపోయినవి. 1957లో హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ వచ్చినది. దాని రూపము ఇంగ్లండువారి మారిస్ ఆక్స్‌ఫర్డుది. 2014 వరకు అది తయారైనది. పద్మిని యను పేరు మనది, ఆకృతి ఇటలీవారి ఫియట్టుది. 1983లో వచ్చిన మారుతి పేరును మనదే, విద్య జపానువారి సుజుకిది. పేరు మార్చినంత మాత్రమున వస్తువు మనది కాదని ఇవి తెలుపుచున్నవి. అట్లని ఆ శ్రమ వ్యర్థము కాదు. పరుల నమూనాపై చేయి తిరిగిన పిమ్మటనే, 1998లో టాటావారు తామే పూనుకొని రూపొందించిన ఇండికా వెలువడినది. 2001లో మన బెంగుళూరునుండి రేవా యను విద్యుత్ కారు వచ్చినది.

ఇక నాయుడుగారి సంగతి. ఆయన 1893లో కోయంబత్తూరు చెంతనున్న కలంగల్ గ్రామమున, ఇంట తెలుగు మాటలాడు రైతు కుటుంబమున జన్మించిరి. బడిచదువు స్వల్పము. ఒక ఆంగ్లేయ అధికారి మోటారుసైకిలును చూచి, అట్టిది కావలెనని హోటలులో పనిచేసి ధనము కూడబెట్టి కొనిరి. కొనినదానిని ఊడదీసి మరల కూర్చి దాని మర్మము నెరిగిరి. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి–పళని మార్గమున ప్రయాణికులను చేరవేయ మొదలిడిరి. 1937లో ఆయన కర్మాగారమునుండి విద్యుత్ మోటారు వెలువడినది. మన దేశమున తయారైన మొదటిదని దానికి ఖ్యాతి. 1974లో కాలధర్మము నొందిరి. కొన్నవాడు చేసినవాడగుటకు నడుమనున్న మెట్టు, ఊడదీసి చూచుటయే.

విద్యార్థులారా! ఇంట ఒక భాష, అంగడిలో ఒక భాష, యంత్రముపై మరియొక భాష యని దిగులు పడకుడు. నాయుడుగారికి చుట్టును తమిళము, విశ్వేశ్వరయ్యగారికి చుట్టును కన్నడము. ఏ భాషయు వారి చేతిని పట్టి ఆపలేదు. సెలవు దినమున ముద్దేనహళ్ళికి పోయి, స్మారకముగా నిలిపిన విశ్వేశ్వరయ్యగారి ఇంటిని చూడుడు. మీ సైకిలు భాగముల పేర్లను, ఎద్దుబండి భాగముల పేర్లను రెండు వరుసలుగా వ్రాయుడు. ఏ వరుసలో మన మాట లెక్కువయో, ఎందుచేతనో మీకే తెలియును. మొదటి వరుసలో ఒక క్రొత్త పేరు చేర్చు పని మీది.