అన్నము మానినవారికి ఉప్పేల కావలయును?

దేహభారము తగ్గించుకొన గోరువారును, మధుమేహముచే బాధపడువారును కీటోజెనిక్ పథ్యమను ఆహారనియమమును గూర్చి నేడు విరివిగా ముచ్చటించుకొనుచున్నారు. 2017, 2018 సంవత్సరములలో వీరమాచనేని రామకృష్ణగారి ఉపన్యాసములవలన ఇట్టి పథ్యము తెలుగునాట పల్లెలకు సైతము వ్యాపించెను. నాటినుండియు మా విద్యార్థుల తల్లిదండ్రులలో కొందఱు మమ్ము తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. “పథ్యము మొదలిడిన మూడవనాఁడే తల తిరుగుచున్నది, రాత్రులు పిక్కలు పట్టుచున్నవి. ఉప్పు తగ్గింపుఁడని వైద్యులు చెప్పిరి. ఉప్పు హెచ్చింపుఁడని పథ్యము చేసినవారు చెప్పుచున్నారు. ఎవరి మాట వినవలయును?” ఇరువురి మాటయు నిజమే. కాని అవి ఒకే మనుష్యునిగూర్చి చెప్పిన మాటలు కావు. ఈ భేదము తెలియనందువలన ప్రాణాపాయము గూడ కలుగవచ్చును గావున ఈ సంగతిని కొంత విపులముగా వ్రాయఁదలఁచితిమి.

మొదట ఆ పథ్య మెట్టిదో తెలిసికొందము. మన భోజనమున బలమునిచ్చునది అన్నము. వండిన అన్నము 150 గ్రాములలో సుమారు 40 గ్రాముల పిండిపదార్థము గలదు. కీటోజెనిక్ పథ్యమున దినమంతటికిని 20 మొదలు 50 గ్రాముల పిండిపదార్థమునే భుజింతురు. అనఁగా ఒక గిన్నెడు అన్నముతో ఆనాఁటి పరిమితి దాదాపుగా తీఱిపోవును. అన్నము, రొట్టె, ఇడ్డెనలు, పప్పులు, దుంపలు, తీయని పండ్లు, పంచదార, బెల్లము ఇవన్నియు విడిచి, నూనె, వెన్న, నేయి, గ్రుడ్లు, మాంసము, చేపలు, ఆకుకూరలు తినవలసియుండును. అప్పుడు కాలేయము క్రొవ్వునుండి కీటోనులను పదార్థములను పుట్టించి రక్తములోనికి విడుచును. చక్కెర లేనిచో మెదడు పనిచేయదని పూర్వము తలఁచుచుండిరి. దీర్ఘోపవాసమున మెదడు తన యవసరములో అధికభాగమును కీటోనులతోనే తీర్చుకొనునని 1967లో అమెరికాదేశమున ఓవెన్, కాహిల్ మొదలగు వైద్యులు నిరూపించిరి.

ఈ పథ్యము బరువు తగ్గుటకై పుట్టినది కాదు. మూర్ఛరోగమున ఉపవాసము మేలు చేయునని 1911లో పారిసు నగర వైద్యులు ఇరువురు ప్రకటించిరి. కాని బిడ్డలను ఎన్నినాళ్లు పస్తుంచఁగలము? 1921లో మేయో క్లినిక్కునందు రస్సెల్ వైల్డర్ అను వైద్యుఁడు, తినుచునే ఉపవాసఫలమును పొందుమార్గ మొకటి కలదని చెప్పి, దానికి కీటోజెనిక్ పథ్యమని పేరిడెను. అచ్చటనే పీటర్‌మన్ అను వైద్యుఁడు బిడ్డ బరువును బట్టి కొలఁతలు నిర్ణయించెను. 1938లో ఫెనిటాయిన్ అను మందు బయల్పడఁగా మాత్ర మ్రింగుట సులువని ఈ పథ్యమును చాలవఱకు మఱచిరి. 1990 తరువాత ఇది మరల ఆదరము పొందెను. 2008లో లండనునందు ప్రకటింపఁబడిన పరిశోధనలో, మందులకు లొంగని మూర్ఛ గల పిల్లలలో పథ్యము చేసిన నూటికి 38 మందికి మూర్ఛలు సగముకంటె ఎక్కువగా తగ్గెను. పథ్యము చేయనివారిలో అట్టివారు నూటికి 6గురు మాత్రమే. ఈ మేలంతయు వైద్యుని కంటియెదుట, త్రాసుతో తూఁచి పెట్టిన భోజనమువలన కలిగినదని చదువరులు గమనింపవలెను.

ఇఁక ఉప్పు సంగతి. మన కాలేయమునందును కండలయందును గ్లైకోజెను అను పిండిపదార్థము సుమారు అరకిలో నిలువయుండును. దానిలో ప్రతి గ్రామును సుమారు మూఁడు గ్రాముల నీటితో కలసియుండును. పథ్యము మొదలిడిన కొలఁదిదినములలో ఈ నిలువ తఱుగఁగానే ఆ నీరును బయటికి పోవును. మొదటివారమున ఒకటి రెండు కిలోలు తగ్గితిమని సంతసించువారు తగ్గినది క్రొవ్వని తలఁతురు. అది చాలవఱకు నీరే.

నీటితోపాటు ఉప్పును పోవును. దీనికి కారణము ఇన్సులిన్. మనము అన్నము తినఁగా రక్తములో చక్కెర హెచ్చును. క్లోమము ఇన్సులినును విడుచును. ఇది చక్కెరను అదుపు చేయుటతోనే ఆగక, ఉప్పును మూత్రమునఁ బోనీయక వెనుకకు తీసికొమ్మని మూత్రపిండములకు చెప్పునట్టిది. అన్నము మానఁగా ఇన్సులిన్ తగ్గును. ఆ యాజ్ఞ సడలిన మూత్రపిండములు ఉప్పును ధారాళముగా విడిచివేయును. కీటోనులు ఆమ్లస్వభావము గలవగుటచే తాము పోవునపుడు సోడియమును గూడ కొంత వెంటఁగొని పోవును. ఈ సంగతి నూఱేండ్ల క్రిందటనే తెలిసినది. మూర్ఛకై ఉపవాసముంచఁబడిన నలుగురు పిల్లల మూత్రమును దినదినమును పరీక్షించి, జేమ్స్ గాంబిల్ అను అమెరికా వైద్యుఁడు 1923లో ఈ లవణనష్టమును ప్రకటించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున సముద్రముపై తెప్పలలో చిక్కుకొను నావికుల కెట్టి ఆహార మీయవలెనో విచారించుచు, దినమునకు 100 గ్రాముల చక్కెర తినినయెడల దేహమునుండి నీరు పోవుట తగ్గునని ఆయనయే కనుగొనెను. చక్కెరకును ఉప్పునకును గల ఈ చుట్టఱికము ఎఱిఁగినవారికి కీటో పథ్యములోని తొలివారపు బాధలలో పెక్కు విడిపోయిన పొడుపుకథవలె తోఁచును.

ఆ బాధలు ఇట్టివి: రెండవ మూఁడవ దినమునుండి తలనొప్పి, నీరసము, చికాకు, వికారము, కూర్చున్నవాఁడు దిగ్గున లేచినచో కన్నులు చీఁకట్లు క్రమ్ముట, మెట్లెక్కునపుడు గుండె దడ, రాత్రులు పిక్కలు పట్టుట. దీనిని కీటో జ్వరమందురు గాని ఇది జ్వరము కాదు, దేహమున వేఁడి హెచ్చదు. సాధారణముగా వారము పదిదినములలో తగ్గిపోవును. ఉప్పును నీటిని సరిపుచ్చుకొనినవారిలో పలువురకు తలతిరుగుట అంతకుముందే తగ్గును.

మన తెలుగువారి విషయమున మఱియొక చిక్కు గలదు. మన భోజనములో ఉప్పు వచ్చుదారి అన్నమే. ఆవకాయ, గోంగూర పచ్చడి, పులుసు, చారు, అప్పడము, ఊరమిరపకాయ, ఉప్పు కలిపిన మజ్జిగ ఇవన్నియు అన్నముకొఱకే కల్పింపఁబడినవి. అన్నము మానినవాఁడు తెలియకయే వీనిని గూడ మానును. అనఁగా లోపలినుండి ఉప్పు పోవుచున్న సమయముననే బయటినుండి వచ్చు ఉప్పును తగ్గించుకొనుచున్నాఁడు. దీనికి తోడు దినమునకు నాలుగు లీటర్ల నీరు త్రాగవలెనను నియమము పెట్టుకొనును. ఉప్పు లేక వట్టి నీటిని మితిమీఱి త్రాగినచో రక్తములోని సోడియము మఱింత పలుచనగును, తలనొప్పి హెచ్చును, మిక్కిలి తగ్గినచో మతి తప్పుట, మూర్ఛ వచ్చుట గూడ కలదు. దాహమునకు తగినంత త్రాగుట మేలు. లీటర్లు లెక్కించి త్రాగుటను మేము మెచ్చము.

ఎంత ఉప్పు కావలయును? సాధారణ భోజనము చేయు పెద్దలు దినమునకు 5 గ్రాములకంటె తక్కువ ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అది ఒక టీచెంచాకు కొంచెము తక్కువ. అందు సోడియము సుమారు 2 గ్రాములు. కీటో పథ్యమును పరిశోధించిన స్టీఫెన్ ఫిన్నీ మొదలగువారు, రక్తపోటుగాని మూత్రపిండ వ్యాధిగాని లేనివారు ఈ పథ్యము చేయునప్పుడు దినమునకు మొత్తము 3 మొదలు 5 గ్రాముల సోడియము పొందవలెనని చెప్పిరి. అనఁగా వంటలోని దానితో గూడ సుమారు ఒకటిన్నర మొదలు రెండు చెంచాల ఉప్పు. ఇది అందఱు వైద్యులును ఒప్పుకొనిన లెక్క కాదు. మా యభిప్రాయమున ఆరోగ్యవంతుఁడు ముందుగా వంటలో ఉప్పు తగ్గింపకుండుట, పిదప తల తిరుగుచున్నచో దినమున కొకటి రెండు గ్రాసుల ఉప్పువేసిన మాంసపు చారో, పలుచని మజ్జిగయో, నిమ్మరసము పిండిన ఉప్పునీరో త్రాగి చూచుట చాలును. ఒక్కసారిగా చెంచాడు ఉప్పు నీటిలో కలిపి త్రాగినచో విరేచనము పట్టును, వాంతియగును. సైంధవలవణము శ్రేష్ఠమని దానికై అధికధనము వెచ్చించువారు గలరు. అదియు చాలవఱకు సోడియము క్లోరైడే. పైఁగా మామూలు ఉప్పులో ప్రభుత్వము కలిపించు అయొడిను అందు తగినంత యుండదు.

ఉప్పు తక్కువైనపుడు దేహము ఆల్డోస్టిరోన్ అను రసమును హెచ్చించి సోడియమును కాపాడును గాని, అందులకు మాఱుగా పొటాసియమును మూత్రమున పోఁగొట్టుకొనును. కావున ఉప్పు చాలినంత తినుట పొటాసియమును నిలుపుకొనుటకు గూడ సాధనమే. తోటకూర, పాలకూర, మాంసము దీనికి మంచివి. ఉడికించిన నీటిని పాఱఁబోయరాదు. మెగ్నీషియమునకు గుమ్మడిగింజలు, బాదము, నువ్వులు. పొటాసియము మాత్రలను మాత్రము వైద్యుఁ డీయక తినరాదు. గుండె కొట్టుకొనుట ఈ లవణముల సమతూకముపై ఆధారపడియున్నది. 1977 ప్రాంతమున అమెరికాలో ద్రవరూపమైన మాంసకృత్తులు మాత్రమే త్రాగుచు బరువు తగ్గఁజూచినవారిలో పలువురు గుండె లయ తప్పి మరణించిరి. వారిది నేఁటి కీటో పథ్యము కాదు. కడుపున క్రొవ్వు లేదు, మంచి మాంసకృత్తులు లేవు, లవణములు లేవు. అయినను లవణముల నలక్ష్యము చేసినచో ఏమగునో దానివలన తెలియుచున్నది.

ఇప్పుడు ముఖ్యమైన మాట. రక్తపోటునకు మందు తినువారు, గుండె బలహీనమై కాళ్లు వాచువారు, మూత్రపిండములు చెడినవారు పైని చెప్పిన ఉప్పును ముట్టరాదు. వైద్యుఁడు ఉప్పు తగ్గింపుమనినది ఇట్టివారికే. పథ్యమువలన రక్తపోటు తానుగా తగ్గును. అప్పుడు వెనుకటి మాత్రలే తినుచుండినచో స్నానపుగదిలో తూలిపడుట సంభవించును. అట్టివారు హెచ్చింపవలసినది ఉప్పు కాదు, తగ్గింపవలసినది మందు కావచ్చును. అదియు వైద్యుఁడే నిర్ణయింపవలెను. అంగడిలో దొరకు తక్కువ సోడియము ఉప్పులో సోడియమునకు బదులు పొటాసియము కలిపియుందురు. రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మాత్రలు వాడువారికి అది రక్తములో పేరుకొని గుండెను ఆపగలదు.

మధుమేహులకు ప్రమాదము రెండు విధములు. ఇన్సులినుగాని గ్లిమెపిరైడ్ వంటి మాత్రగాని తీసికొనుచు అన్నము మానినచో చక్కెర మిక్కిలి పడిపోయి స్మృతి తప్పవచ్చును. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అను మాత్రలు తినువారికి ఇంకొక గండము: కీటోనులు హద్దుమీఱి రక్తము ఆమ్లమగును గాని చక్కెర పరీక్షలో ఎక్కువ కనఁబడదు; అందుచే ఇంటివారు మోసపోవుదురు. దీనిని గూర్చి అమెరికా ఔషధశాఖ 2015లో హెచ్చరిక చేసినది. పథ్యములో కీటోనులు లీటరు రక్తమునకు 0.5 మొదలు 3 మిల్లీమోళ్లవఱకు ఉండుట సహజము. ఆ గండమున అవి అంతకు ఎన్నియో రెట్లు పెరుగవచ్చును. విడువని వాంతులు, కడుపునొప్పి, దీర్ఘమైన యెగఊపిరి, మగత, ఇవి కనఁబడినచో ఉప్పునీరు కలుపుచు కూర్చుండక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. బాల్యమునుండి ఇన్సులిన్ సూదిపై బ్రదుకువారును, గర్భిణులును, పాలిచ్చు తల్లులును ఈ పథ్యము తమంత చేయనే రాదు.

తక్కిన యుపద్రవములు చెప్పవలసినంత పెద్దవి కావు. నోట ఒక విధమైన పండిన పండ్ల వాసన వచ్చును. అది ఊపిరితో పోవు అసిటోను. మలబద్ధమునకు ఆకుకూరలును నీరును చాలును. కొందఱికి రక్తములో చెడు క్రొవ్వు విపరీతముగా హెచ్చును గావున పథ్యమునకు ముందును, మూఁడు నెలలకును పరీక్ష చేయించుకొనుట యుక్తము. మూర్ఛకై ఏండ్ల తరబడి ఈ పథ్యము చేసిన పిల్లలలో ఇరువదిమందిలో ఒకరికి మూత్రపిండములలో రాళ్లు పుట్టెను. ఎదుగుదలయు కొంత కుంటువడెను. మా విద్యార్థినీ విద్యార్థులలో సన్నపడవలెనని పెద్దలకు చెప్పక మధ్యాహ్నపు అన్నము విడుచువారు ఈ వాక్యమును మరల చదువవలెను. వ్యాయామపు గంటలో ఎండలో పరుగెత్తి చెమటతో మఱికొంత ఉప్పు పోఁగొట్టుకొని కూలఁబడువారు వారే.

పథ్యము విడుచునపుడును జాగ్రత్త యవసరము. పండుగనాఁడు పులిహోరయు పాయసమును తిని పథ్యము చాలించినవారికి ఇన్సులిన్ మరల హెచ్చి మూత్రపిండములు ఉప్పును పట్టి నిలుపును. రెండుమూఁడు దినములలో ఒకటి రెండు కిలోలు పెరిగి, పాదములు కొంచెము ఉబ్బినట్లుండును. అది క్రొవ్వు కాదు, తిరిగివచ్చిన నీరు. అన్నము మొదలిడిననాఁడే అదనపు ఉప్పు మానివేయవలెను.