సాఫ్టీ మెషిన్‌కు రాత్రి స్నానం

రెంటచింతల ఎండ ఎలాంటిదో పల్నాడు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఎండలో తిరిగొచ్చినవాళ్లకు, లివరు లాగగానే మెలికలు తిరుగుతూ కోన్‌లోకి దిగే సాఫ్టీ ప్రాణం లేచొచ్చేంత హాయి.

ఈ మెత్తని ఐస్‌క్రీమ్ కథ అమెరికాలో మొదలైంది. 1934లో న్యూయార్క్ రాష్ట్రంలోని హార్ట్స్‌డేల్‌లో టామ్ కార్వెల్ అనే వ్యాపారి బండి టైరు పంక్చరైంది. కరిగిపోతున్న సరుకును అక్కడే అమ్మితే జనం ఇష్టంగా తిన్నారు. 1938 ఆగస్టులో కాంకకీ పట్టణంలో మెకల్లౌ తండ్రీకొడుకులు ఇలాంటి ఐస్‌క్రీమ్‌నే అమ్మి చూశారు. రెండు గంటల్లో 1,600 మందికి పైగా తిన్నారు. గిరాకీ సరే, గట్టిపడకముందే ఎప్పటికప్పుడు తీసిచ్చే యంత్రమేది? హ్యారీ ఓల్ట్జ్ తయారుచేసిన ఫ్రీజర్ ఆ లోటు తీర్చింది. 1940లో జోలియెట్‌లో మొదటి డెయిరీ క్వీన్ సాఫ్టీ దుకాణం తెరుచుకుంది.

మెషిన్ పైభాగంలోని హాపర్‌లో పాల మిక్స్ 4 డిగ్రీలలోపు చల్లగా ఉంటుంది. అది కింద ఉన్న స్టీలు సిలిండర్‌లోకి దిగి, గోడకు పలచని పొరగా గడ్డకడుతుంది. బీటర్ బ్లేడ్లు ఆ పొరను గీకుతూ గాలి కలుపుతాయి. గట్టి ఐస్‌క్రీమ్‌ను మైనస్ 18 డిగ్రీల దగ్గర నిలవ చేస్తారు. సాఫ్టీ మైనస్ 6, 7 డిగ్రీల దగ్గరే బయటికొస్తుంది. ఆ మెత్తదనం అందుకే.

చలి క్రిములను చంపుతుందనుకుంటే పొరపాటు. లిస్టీరియా అనే బాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరుగుతుంది. 2023లో అమెరికాలోని టకోమాలో సరిగా కడగని మిల్క్‌షేక్ మెషిన్ల ద్వారా అది సోకి ఆరుగురు ఆస్పత్రి పాలయ్యారు. వారిలో ముగ్గురు చనిపోయారు.

క్రిములు దాక్కునేది ఎక్కడో చూడాలంటే మూతి దగ్గరి రబ్బరు ఓ-రింగును ఊడదీయండి. పైకి నల్లగా నిగనిగలాడుతుంది. దాని కింది గాడిలో వేలు పెడితే జిగటగా పాల మడ్డి తగులుతుంది. పైపైన నీళ్లు పోస్తే అది కదలదు.

అందుకే రాత్రి దుకాణం మూసేముందు మిక్స్ తీసేసి, మామూలు నీళ్లతో జాడించాలి. మొదటే వేడినీళ్లు పోస్తే పాల మాంసకృత్తులు గట్టిగా అంటుకుపోతాయి. తర్వాత బీటర్, బ్లేడ్లు, ఓ-రింగులు విప్పి సబ్బునీళ్లతో బ్రష్ పెట్టి తోమాలి. పల్నాడులో ఇంకో సంగతి ఉంది. ఇది సున్నపురాయి నేల. పిడుగురాళ్ల సున్నానికి పెట్టింది పేరు. ఇలాంటి నేలలో బోరునీళ్లలోని సున్నం, పాలలోని కాల్షియం కలిసి స్టీలు మీద తెల్లటి గార కడతాయి. ఆ గార గరుకులో క్రిములు కాపురం పెడతాయి. సబ్బుకు లొంగని ఆ గారను ఆమ్ల క్లీనర్ కరిగిస్తుంది. దాన్ని మాత్రం క్లోరిన్‌తో కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

ఆమ్లం పూర్తిగా పోయేలా కడిగి, మళ్లీ బిగించి, వాడబోయే ముందు క్లోరిన్ నీళ్లు తిప్పాలి. 10 లీటర్ల నీటికి 5 శాతం హైపోక్లోరైట్ 20 మిల్లీలీటర్లు చాలు. ఎండకు పాతబడిన సీసా మందు బలం తగ్గుతుంది కాబట్టి కొత్తది వాడాలి.

దుకాణదారులారా, మీ కోన్ అందుకునే చేతుల్లో పసివాళ్ల చేతులే ఎక్కువ. ఎంత గిరాకీ ఉన్నా, ఎంత పొద్దుపోయినా, మెషిన్‌ను కడగకుండా దుకాణం మూయకండి.